దిష్టిబొమ్మ మీద వాలిన కాకి

జొన్న చేను పాలుపోసుకునే వేళ రైతు చేలో ఒక దిష్టిబొమ్మ నిలబెడతాడు. రెండు కర్రలు అడ్డంగా కట్టి, చిరిగిన చొక్కా తొడిగి, పైన కుండ బోర్లించి, దానికి సున్నంతో కళ్లు పెడతాడు. మొదటిరోజు పిట్టలు ఆ ఛాయలకే రావు. నాలుగో రోజుకు గట్టు మీద వాలతాయి. వారం పది రోజులు తిరిగేసరికి కాకి వచ్చి నేరుగా ఆ కుండ మీదే కూర్చుంటుంది. అందుకే తెలివైన రైతు బొమ్మ చోటు మారుస్తుంటాడు, చొక్కా మారుస్తుంటాడు, మధ్యమధ్యలో తానే వెళ్లి డబ్బా వాయిస్తాడు. దిష్టిబొమ్మకు ఉన్న బలమంతా కాకి మనసులోనే ఉందని, ఆ బలం వాడేకొద్దీ తరిగిపోతుందని అతనికి తెలుసు.

అమెరికన్ కామిక్స్‌లో ఈ దిష్టిబొమ్మ పేరుతోనే ఒక ప్రతినాయకుడున్నాడు. స్కేర్‌క్రో. అసలు పేరు జొనాథన్ క్రేన్. బ్యాట్‌మన్ సృష్టికర్తలు బిల్ ఫింగర్, బాబ్ కేన్‌లు 1941లో అతణ్ని పాఠకుల ముందుకు తెచ్చారు. క్రేన్ కండబలం ఉన్నవాడు కాదు. మనస్తత్వశాస్త్రం చెప్పే ప్రొఫెసర్, భయం మీద పరిశోధకుడు. జీతమంతా పుస్తకాలకే పోసి మాసిన బట్టలతో తిరిగే అతణ్ని చూసి తోటి అధ్యాపకులు దిష్టిబొమ్మ అని నవ్వేవారు. భయమంటే ఏమిటో విద్యార్థులకు చూపించడానికి తరగతి గదిలోనే తుపాకి పేల్చి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. తర్వాత ఆ వెక్కిరింపునే వేషంగా తొడుక్కుని, మనుషులను భయపెట్టడాన్ని వృత్తిగా చేసుకున్నాడు.

భయం పుట్టించే విషవాయువు అతని చేతికి వచ్చింది తర్వాతి కథల్లో. 2005లో క్రిస్టఫర్ నోలన్ తీసిన బ్యాట్‌మన్ బిగిన్స్ సినిమాలో కిలియన్ మర్ఫీ ఆ పాత్ర వేశాడు. అందులో క్రేన్ తయారుచేసిన మందును గోథమ్ నగర మంచినీటి గొట్టాల్లో కొన్నాళ్లపాటు రహస్యంగా కలుపుతారు. తాగినవారికి ఏమీ కాదు. అది ఆవిరై ఊపిరితిత్తుల్లోకి వెళితేనే పనిచేస్తుంది. ఆ నీటిని ఒక్కసారిగా ఆవిరిగా మార్చే యంత్రాన్ని నగరం నడిబొడ్డుకు తరలించడమే కుట్ర. తర్వాత పని శత్రువు చేయనక్కర్లేదు. ఒకరిలో ఒకరు రాక్షసులను చూసుకుని నగర ప్రజలే నగరాన్ని చీల్చేస్తారు.

రక్షణ వ్యవహారాలు రాసే చోట కామిక్స్ ఏమిటని పాఠకులు అనుకోవచ్చు. నిజానికి క్రేన్ కల కన్న మందు కోసం సైన్యాలు చాలాకాలం వెతికాయి. కౌటిల్యుడి అర్థశాస్త్రం పద్నాలుగో అధికరణంలో కళ్లు పోగొట్టే పొగలు, పిచ్చెక్కించే ద్రవ్యాల తయారీ పద్ధతులున్నాయి. ప్రచ్ఛన్నయుద్ధ కాలంలో అమెరికా సైన్యం మేరీలాండ్‌లోని ఎడ్జ్‌వుడ్ ఆర్సెనల్‌లో వేలమంది సొంత సైనికుల మీద ఇటువంటి రసాయనాలు ప్రయోగించి చూసింది. బీజెడ్ అనే మందును ఆయుధంగా నిల్వ కూడా చేసింది. మనిషిని చంపకుండా గంటల తరబడి భ్రాంతిలో, అయోమయంలో ముంచే మందు అది. చివరికి ఆ నిల్వలను ధ్వంసం చేయక తప్పలేదు. ఎవరికి ఎంత మోతాదు అందుతుందో, అందినవాడు పారిపోతాడో, చేతిలో ఉన్న తుపాకిని ఎటు పేలుస్తాడో చెప్పలేని ఆయుధం సేనాపతికి ఎందుకు? ఇప్పుడది రసాయన ఆయుధాల నిషేధ ఒప్పందం జాబితాలో ఉంది. ఆ ఒప్పందంలో చేరిన మన దేశం తాను ప్రకటించిన రసాయన నిల్వల విధ్వంసాన్ని 2009లో పూర్తిచేసింది.

అంటే వాయువు గురించి మనం మరీ నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదు. ఆ పని చేయడానికి వాయువే అక్కర్లేకపోవడం అసలు సమస్య.

క్రేన్ కథ అచ్చయిన కొద్ది నెలలకే మన తీరంలో ఏం జరిగిందో చూడండి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడ రేవుల మీద బాంబులు వేశాయి. అప్పట్లో పేలకుండా మిగిలిన బాంబు విశాఖ మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. జరిగిన నష్టం ఒక పెద్ద యుద్ధం లెక్కలో చాలా చిన్నది. కానీ ఊరు ఖాళీ అయింది. మూటాముల్లె సర్దుకుని, పిల్లలను చంకన వేసుకుని జనం లోపలి పల్లెలకు నడిచారు. మద్రాసులో ఇంకా విచిత్రం. జపాన్ నౌకాదళం నగరం మీదికి వస్తోందన్న తప్పుడు సమాచారాన్ని నమ్మి సాక్షాత్తూ ప్రభుత్వమే కార్యాలయాలను లోపలి జిల్లాలకు తరలించింది. బాంబు పడితే బోనులు విరిగి వీధుల్లోకి వస్తాయన్న భయంతో మద్రాసు జంతుప్రదర్శనశాలలోని పులులను, సింహాలను కాల్చి చంపించింది. ఆ నౌకాదళం రానేలేదు. ఏడాదిన్నర తర్వాత 1943 అక్టోబరులో ఒక్క విమానం వచ్చి నాలుగు బాంబులేవో వేసి పోయింది. జపాన్ ఖర్చుపెట్టింది గుప్పెడు బాంబులు. ఒక రాజధాని తనంతట తాను లేచి పారిపోయింది.

ఇందులో సామాన్యుణ్ని పిరికివాడనడం సులువు. కానీ అతనికి తెలిసిందల్లా ఒకటే, సర్కారు ఫైళ్లు రైలెక్కుతున్నాయని. కలెక్టరాఫీసు తాళం వేసి, మీరు మాత్రం ధైర్యంగా ఉండండని చెబితే ఏ ఊళ్లో ఎవరు వింటారు?

1995 మార్చి 20న టోక్యో భూగర్భ రైళ్లలో ఓమ్ షిన్రిక్యో అనే ముఠా సారిన్ విషవాయువు వదిలింది. ఆ దాడి వల్ల పద్నాలుగు మంది ప్రాణాలు కోల్పోయారు. ఆసుపత్రులకు వచ్చినవారు అయిదు వేలకు పైనే. వారిలో చాలామందికి చికిత్స అవసరమైనంత విషం సోకలేదు. విషం తగిలిందేమోనన్న అనుమానంతో పరుగెత్తుకు వచ్చారు. ఆ రద్దీలోనే నిజమైన బాధితులను వెతకాల్సి వచ్చింది. వాయువు కొన్ని పెట్టెల్లో వదిలితే భయం నగరమంతా తిరిగింది.

మన దగ్గర 2012 ఆగస్టు ఇంకా పాతబడలేదు. అస్సాంలోని కోక్రాఝర్ ప్రాంతంలో ఘర్షణలు జరిగిన కొద్దిరోజులకు, దక్షిణాది నగరాల్లో ఉంటున్న ఈశాన్య రాష్ట్రాలవారి మీద దాడులు జరుగుతాయంటూ ఎస్ఎంఎస్‌లు తిరిగాయి. వేరే దేశాల్లో, వేరే సందర్భాల్లో తీసిన ఫొటోలు అస్సాం ఫొటోలుగా చెలామణి అయ్యాయి. ఆగస్టు 15న, దేశం జెండా ఎగరేసిన రోజునే, బెంగళూరు రైల్వే స్టేషన్ గువాహటి వెళ్లేవారితో కిక్కిరిసిపోయింది. హోటళ్లలో పనిచేసేవారు, సెక్యూరిటీ గార్డులు, బ్యూటీపార్లర్ల అమ్మాయిలు, కాలేజీ విద్యార్థులు వేల సంఖ్యలో బయల్దేరారు. పుణె, చెన్నై, హైదరాబాద్‌ల నుంచి కూడా వెళ్లారు. ఆ ఫొటోల్లో ఎక్కువ భాగం పాకిస్తాన్ నుంచి ఎక్కించినవేనని అప్పటి కేంద్ర హోం కార్యదర్శి ఆర్.కె.సింగ్ చెప్పారు. అది నిజమే కావచ్చు. అయినా ఆ ఫొటో ఒక ఫోన్ నుంచి మరో ఫోన్‌కు వెళ్లింది మన వేళ్ల మీదుగానే. నోలన్ సినిమాలో ఆవిరి యంత్రాన్ని దొంగిలించి, రైలెక్కించి తేవాల్సి వచ్చింది. ఇక్కడ అది అప్పటికే ప్రతి జేబులో ఉంది.

అప్పుడు ప్రభుత్వాలు ఏం చేశాయి? రోజుకు ఒక ఫోన్ నుంచి అయిదుకు మించి ఎస్ఎంఎస్‌లు పంపకూడదని పదిహేను రోజులు ఆంక్ష పెట్టాయి. ప్రత్యేక రైళ్లు వేశాయి. రైళ్లు వేయడం మానవత్వమే, తప్పుపట్టలేం. అయితే ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉండాలా వెళ్లాలా అని ఊగిసలాడుతున్న కుర్రవాడికి ప్రత్యేక రైలు కనిపిస్తే ఏమనిపిస్తుంది? ఏదో ఉండబట్టే సర్కారు బండి పెట్టిందనుకుంటాడు. మంత్రులు స్టేషన్‌కు వెళ్లి భరోసా ఇచ్చేసరికి బోగీలు నిండిపోయాయి. ఎక్కడా ఏమీ జరగలేదు, మీ పేటలో ఫలానా అధికారి ఉన్నాడు, ఇదీ అతని నంబరు అని మొదటి సాయంత్రమే చెప్పే గొంతు ఒక్కటి ఉండి ఉంటే ఎంతమంది ఆగేవారో ఇప్పుడు ఊహించడమే.

శ్రీలంకలో 2011 ఆగస్టులో గ్రీజు దయ్యాల గోల రేగింది. ఒంటికి గ్రీజు పూసుకుని రాత్రిళ్లు ఆడవాళ్ల మీద పడుతున్నారన్న వదంతి. తెలుగు పల్లెల్లో ఒకప్పుడు ఓ స్త్రీ రేపు రా అని తలుపుల మీద రాసుకున్నాం కదా, ఆ బాపతే అని నవ్వుకోవచ్చు. కానీ మనకు అది కొన్నాళ్ల ముచ్చటగా పోయింది. అక్కడ అలా పోలేదు. అంతర్యుద్ధం ముగిసి రెండేళ్లే అయింది. తూర్పు, ఉత్తర ప్రాంతాల తమిళులకు, ముస్లింలకు సైన్యం మీద నమ్మకం లేదు. ఆ ఆగంతకులు పారిపోయి సైనిక శిబిరాల్లో దాక్కుంటున్నారని జనం నమ్మారు, భద్రతాదళాలతో వీధి పోరాటాలకు దిగారు. దయ్యం ఒకటే, అది ఎక్కడ నిలబడిందన్న దాన్నిబట్టి దాని బలం మారింది. ఒక సరిహద్దు జిల్లాలో పుకారుకు ఎంత శక్తి ఉంటుందో తెలుసుకోవాలంటే అక్కడి మనిషికి ఠాణా మీద ఎంత నమ్మకముందో అడిగితే చాలు.

ఇక 2024 అక్టోబరు. రెండు వారాల్లో వందల విమానాలకు బాంబు బెదిరింపులు. అన్నీ ఉత్తుత్తివే. ఎక్స్‌లో ఒక ఖాతా తెరవడం, విమానం నంబర్లు రాసి బాంబుందనడం. అంతే. ఢిల్లీ నుంచి షికాగో వెళ్తున్న ఎయిరిండియా విమానం కెనడా ఉత్తర ధ్రువ ప్రాంతంలోని ఇకాలుయిట్‌లో దిగింది. అక్కడి నుంచి ప్రయాణికులను కెనడా వాయుసేన విమానంలో తరలించాల్సి వచ్చింది. మదురై నుంచి వెళ్లిన విమానం కోసం సింగపూర్ రెండు ఎఫ్-15 యుద్ధవిమానాలను లేపింది. ఆ బెదిరింపుల్లో కొన్నింటి వెనుక ఉన్నది స్నేహితుణ్ని ఇరికించాలనుకున్న పదిహేడేళ్ల కుర్రవాడని తేలింది. రెండు యుద్ధవిమానాలు లేవడానికి ఒక వాక్యం ఖర్చు! జొనాథన్ క్రేన్ వింటే తన ప్రయోగశాల మూసేసి ఉండేవాడు.

విమానాశ్రయాల్లో ఇటువంటి బెదిరింపులను తూచడానికి ఒక కమిటీ ఉంటుంది. విమానం నంబరు, సమయం, చెప్పినవాడి వివరాలు చూసి ఇది నిర్దిష్టమైనదా, కాదా అని తేలుస్తుంది. రోజుకు ఒకటి వస్తే ఆ లెక్క బాగానే నడుస్తుంది. రోజుకు యాభై వస్తే? అన్నింటినీ నమ్మితే విమానాలు ఎగరవు. అన్నింటినీ కొట్టిపారేస్తే 1985 జూన్ 23 గుర్తుకొస్తుంది. ఆ రోజు అట్లాంటిక్ మీద కనిష్క విమానంలో 329 మంది ఒక్క పెట్టుకు పోయారు. బల్ల ముందు కూర్చున్న ఆ అధికారి స్థానంలో మనల్ని మనం ఊహించుకుంటే సమస్య తెలుస్తుంది. నలభై తొమ్మిది అబద్ధాల తర్వాత యాభయ్యో సందేశాన్ని అతను చదివే తీరు మారిపోతుంది. మారకూడదు. కానీ మనిషి కదా.

భయం అనే ఆయుధానికి ఉన్న రెండో దెబ్బ ఇదే. మొదటి దెబ్బ గురించి అందరూ మాట్లాడతారు. జనం తొక్కిసలాట, పెట్రోలు బంకుల దగ్గర బారులు, ఊళ్లు ఖాళీ కావడం అన్నీ కెమెరాకు దొరుకుతాయి. రెండోది నిశ్శబ్దంగా జరుగుతుంది. నాన్నా పులి అని మూడోసారి అరిచినప్పుడు పొలంలో ఉన్న తండ్రి తలెత్తకపోవడం. ఆ కథ పిల్లలకు అబద్ధం ఆడవద్దని చెప్పడానికి వాడతాం గానీ, అందులో పులి తరఫు నుంచి ఆలోచించినవారు తక్కువ. మొదటి రెండు అరుపులూ పులికి ఉచితంగా జరిగిన సేవ.

2018 జనవరి 13 ఉదయం అమెరికాలోని హవాయి దీవుల్లో ప్రతి ఫోన్ మీదా క్షిపణి వస్తోంది, ఇది కసరత్తు కాదు అన్న హెచ్చరిక మోగింది. జనం పిల్లలను మ్యాన్‌హోళ్లలోకి దింపారు. అది ఒక ఉద్యోగి పొరపాటు. పొరపాట్లు జరుగుతాయి. కానీ అది తప్పుడు హెచ్చరిక అని అదే ఫోన్ల మీద చెప్పడానికి 38 నిమిషాలు పట్టింది. హెచ్చరికను పంపే బొత్తాం ఉంది గానీ వెనక్కు తీసుకునే సందేశం సిద్ధంగా లేదు. ట్విటర్ ఖాతా లాగిన్ తనకు తెలియకపోవడం వల్లే ఆలస్యమైందని గవర్నర్ తర్వాత ఒప్పుకున్నాడు. ప్రపంచంలోనే అతిపెద్ద సైనిక స్థావరాల్లో ఒకటైన పెర్ల్ హార్బర్ ఉన్న దీవుల సంగతి ఇది.

మన అనుభవానికి వద్దాం. 2025 మే 7న, ఆపరేషన్ సిందూర్ మొదలైన రోజునే, దేశంలోని 244 పౌర రక్షణ జిల్లాల్లో కసరత్తులకు కేంద్ర హోంశాఖ ఆదేశించింది. హైదరాబాద్, విశాఖపట్నంలలోనూ సైరన్లు మోగాయి. 1971లో దీపాలార్పి కిటికీలకు నల్లకాగితాలు అంటించిన రోజులు గుర్తున్నవారు విశాఖలో ఇంకా ఉన్నారు. ఆ ఏడాది డిసెంబరులో ఘాజీ జలాంతర్గామి మునిగింది ఆ ఊరి ముంగిట్లోనే. వారికి సైరన్ అర్థం తెలుసు. ఎగుడుదిగుడుగా ఏడిస్తే ప్రమాదం, ఒకే స్వరంలో సాగితే గండం గడిచినట్టు. కొత్త తరానికి ఆ తేడా చెప్పడానికే ఆ కసరత్తు.

మరి ఆ నాలుగు రాత్రులూ టీవీల్లో ఏం మోగింది? చర్చ మొదలయ్యే ముందు సైరన్. విరామం తర్వాత సైరన్. బ్రేకింగ్ న్యూస్ పట్టీ మారితే సైరన్. పక్కింటి టీవీలో మోగితే మేడ మీదికి పరుగెత్తి ఆకాశంలోకి చూసిన పెద్దాయన మా వీధిలోనే ఉన్నాడు. రెండో రాత్రి ఆయన కిటికీ దాకా వచ్చాడు. మూడో రాత్రి రాలేదు. కేంద్ర పౌర రక్షణ విభాగం మే 10న చానళ్లకు ఒక సూచన పంపింది. ప్రజలకు అవగాహన కల్పించే కార్యక్రమాల్లో తప్ప వైమానిక దాడి సైరన్ శబ్దాన్ని వాడవద్దని, అలా వాడితే జనం దాన్ని మామూలు విషయంగా తీసుకునే ప్రమాదముందని. ఆ నాలుగు రోజుల్లో వెలువడిన ప్రభుత్వ పత్రాల్లో నాకు అన్నింటికంటే విలువైనదిగా తోచినది ఆ చిన్న సూచనే. కుండ మీద కాకి వాలబోతోందని ఎవరో ఒక అధికారి గమనించాడు. కాకపోతే అప్పటికి మూడు రాత్రులు గడిచిపోయాయి. అదే రోజు సాయంత్రం కాల్పుల విరమణ.

అప్పటి వదంతుల జాబితా చాలా పెద్దది. పొలంలో రేగిన మంటను జలంధర్‌పై డ్రోన్ దాడి అన్నారు. 2021 నాటి ఆయిల్ ట్యాంకర్ పేలుడును గుజరాత్‌లోని హజీరా రేవు మీద దాడిగా తిప్పారు. ఏటీఎంలు మూతపడతాయన్నారు. చమురు నిల్వలకు కొదవ లేదని ఇండియన్ ఆయిల్ ప్రకటించాల్సి వచ్చింది. ప్రభుత్వ ఫ్యాక్ట్ చెక్ విభాగం వీటిని వరసగా ఖండించింది, ఆ వేగం మెచ్చుకోదగ్గదే. కానీ పుకార్లన్నీ అటువైపు నుంచే వచ్చాయని మనం మనల్ని మోసం చేసుకోనక్కర్లేదు. కరాచీ రేవు ధ్వంసమైందని, ఏవేవో నగరాలు మన చేతికి చిక్కాయని ఆ రాత్రుల్లో చెప్పింది మన తెరలే. శత్రువుకు నష్టం జరిగిందన్న అబద్ధం మనకేం కీడు చేస్తుందని అడిగినవారున్నారు. చేస్తుంది. మర్నాడు అదే తెర మీద సరిహద్దు ఊరివాళ్లను ఫలానా చోటికి వెళ్లమని నిజం చెప్పినప్పుడు, ఆ ఊరివాడు దాన్ని కూడా నిన్నటి కరాచీ లెక్కలోనే వేస్తాడు.

నిజానికి ఈ పాఠం మనం 2008లోనే నేర్చుకోవాల్సింది. ముంబయిలో పదిమంది ముష్కరులు అరవై గంటలపాటు దేశాన్ని టీవీ ముందు కట్టిపడేశారు. వాళ్లను పాకిస్తాన్ నుంచి ఫోన్లలో నడిపించినవాళ్లు కూడా అదే టీవీ చూస్తూ ఆదేశాలిచ్చారు. కసబ్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు ఆ ప్రత్యక్ష ప్రసారాలను ఘాటుగా తప్పుపట్టింది. ఉగ్రవాద నిరోధక చర్యలు నడుస్తుండగా ప్రత్యక్ష ప్రసారం కూడదని, నియమిత అధికారి చెప్పే వివరాలే ఇవ్వాలని కేబుల్ టీవీ నిబంధనల్లోకి ఎక్కింది. సైన్యం కదలికలను దాచడం వరకు ఆ నిబంధన పనికొస్తుంది. భయాన్ని అమ్ముకోవడం మీద మాత్రం ఏ నిబంధనా లేదు, బహుశా పెట్టడం కూడా కష్టం.

ఇక్కడ ప్రభుత్వం వాటా గురించి కూడా చెప్పుకోవాలి. మే 7 ఉదయం విదేశాంగ కార్యదర్శి విక్రమ్ మిస్రీ, కర్నల్ సోఫియా ఖురేషీ, వింగ్ కమాండర్ వ్యోమికా సింగ్ కలిసి మాట్లాడిన తీరు మన యుద్ధ సమాచార చరిత్రలో ఒక మేలిమలుపు. గొంతు పెంచలేదు, విశేషణాలు వాడలేదు, ఎక్కడ ఎన్ని గంటలకు ఏం కొట్టామో చెప్పారు. ఆ గంటసేపు పుకార్లకు తిండి దొరకలేదు. కానీ కాల్పుల విరమణ మాట భారత ప్రజలు మొదట విన్నది అమెరికా అధ్యక్షుడి పోస్టు నుంచి. మన ప్రకటన తర్వాత వచ్చింది. మన యుద్ధవిమానాలకు నష్టం జరిగిందన్న సంగతిని త్రివిధ దళాధిపతి జనరల్ అనిల్ చౌహాన్ మే 31న సింగపూర్‌లో, అదీ ఒక విదేశీ సంస్థకు ఇచ్చిన ఇంటర్వ్యూలో ఒప్పుకున్నారు. అప్పటిదాకా మూడు వారాలు ఆ ఖాళీని నింపింది ఎవరు? యుద్ధం నడుస్తుండగా నష్టాలు వెల్లడించకపోవడానికి బలమైన సైనిక కారణాలుంటాయి, ఒప్పుకుందాం. ఆ కారణాలు కాల్పులు ఆగాక ఎన్నాళ్లు చెల్లుతాయన్నదే ప్రశ్న.

మహాభారతంలో ద్రోణుణ్ని కూల్చింది బాణం కాదు, కొడుకు చచ్చాడన్న వార్త. ఆ మాట భీముడు ముందే అరిచాడు, ద్రోణుడు నమ్మలేదు. ధర్మరాజు నోటి నుంచి వస్తేనే నమ్ముతానన్నాడు. అంటే ఆ అబద్ధానికి పదును పెట్టింది ధర్మరాజు అంతకుముందు బతికిన సత్యవ్రతం మొత్తం. ఏనుగు అన్న మాటను గొణిగి ఆయన ఆ నిల్వను ఒక్కసారిగా ఖర్చు చేశాడు. అంతవరకు నేలకు నాలుగు వేళ్ల ఎత్తున నడిచిన రథం కిందికి దిగిందని వ్యాసుడు చెబుతాడు. యుద్ధం గెలిచారు. రథం మళ్లీ పైకి లేచినట్టు మాత్రం ఎక్కడా లేదు.

బ్యాట్‌మన్ కథలో నన్ను ఎప్పుడూ ఆలోచింపజేసేది క్రేన్ కంటే హీరోయే. అతను కూడా భయాన్నే వాడతాడు. గబ్బిలం వేషం వేసిందే నేరస్థుల గుండెల్లో గుబులు పుట్టించడానికి. రాజ్యాలు దీన్నే నిరోధకత అంటాయి. అణ్వస్త్రాలు, జలాంతర్గాములు, దెబ్బకు దెబ్బ తప్పదన్న హెచ్చరిక, అన్నీ ఎదుటి సేనాపతి మనసులో నిలబెట్టే దిష్టిబొమ్మలే. అందులో తప్పులేదు, దేశరక్షణలో సగం అదే. తేడా ఆ బొమ్మ ముఖం ఎటు తిప్పామన్నదాంట్లో ఉంది. ఎదుటి సైనిక కార్యాలయం వైపు తిప్పిన భయం యుద్ధాన్ని ఆపగలదు. దాన్నే సొంత ఇళ్ల వైపు తిప్పి, పక్క వీధివాడు ఎవరో ఏమిటోనని రోజూ రాత్రి తొమ్మిదింటికి గుర్తుచేస్తుంటే, క్రేన్ నీళ్ల గొట్టాల్లో పోసిన మందును మనమే పోసినట్టు. ఆవిరి యంత్రం ఎప్పుడు వస్తుందోనని శత్రువు వేచి చూస్తే చాలు.

ఇంటర్నెట్ ఆపేయడం దీనికి మందు కాదు. ప్రపంచంలో అత్యధికంగా నెట్ ఆపేసే దేశాల్లో మనదొకటి. కరెంటు తీసేసిన గదిలో పుకారు ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది. పనికొచ్చే సాధనం మన దగ్గరే ఉంది. 2023లో ఒకరోజు దేశమంతా ఫోన్లు ఉలిక్కిపడేలా మోగి, ఇది పరీక్ష మాత్రమే అని తెరమీద సందేశం కనిపించింది గుర్తుందా? సెల్ టవర్ల ద్వారా ఒక ప్రాంతంలోని ఫోన్లన్నింటికీ ఒకేసారి, స్థానిక భాషలో చేరే హెచ్చరిక వ్యవస్థ అది. నంబర్లు అక్కర్లేదు, గ్రూపులు అక్కర్లేదు. దాన్ని తుపాను వస్తోందని చెప్పడానికే కాక, ఏమీ రావడం లేదు అని చెప్పడానికి కూడా వాడాలి. మీ జిల్లాలో ఏ దాడీ జరగలేదు, తిరుగుతున్న వీడియో పాతది, కలెక్టర్ సాయంత్రం ఆరింటికి మాట్లాడతారు అన్న మూడు ముక్కలు గంటలోపు చేరితే చాలు. ఆరింటికి కలెక్టర్ నిజంగా మాట్లాడాలి, తెలియనిది తెలియదని చెప్పాలి. దానికి ఢిల్లీ అనుమతి కోసం ఆగకుండా ఉండే అధికారం అతనికి ముందే రాసివ్వాలి. మొదటి గంటలో ఫైలు నడవదు, పుకారు నడుస్తుంది.

సైరన్ శబ్దానికి మాత్రం సూచన సరిపోదు, చట్టం కావాలి. జాతీయ జెండాను, అంబులెన్సు కూతను ఇష్టం వచ్చినట్టు వాడుకోనివ్వం కదా. వైమానిక దాడి సైరన్‌ను ప్రకటనల్లో, టీవీ స్టూడియోల్లో, ఎన్నికల రథాల మీద మోగించేవారికి జరిమానా వేయడానికి 1968 నాటి పౌర రక్షణ చట్టానికి ఒక చిన్న సవరణ చేయవచ్చు. ఆ కసరత్తులను కూడా యుద్ధం వచ్చినప్పుడు కాక ఏడాదికి రెండుసార్లు, ముందే తేదీ చెప్పి, ప్రమాదపు కూతతో పాటు గండం గడిచిన కూతను కూడా రెండు నిమిషాలు పూర్తిగా వినిపిస్తూ జరపాలి. మే 7 నాటి కసరత్తు తర్వాత మా వీధి పిల్లలను అడిగాను. ఎగుడుదిగుడు కూతను అందరూ అనుకరించి చూపించారు. రెండోది ఎలా ఉంటుందో ఒక్కరికీ తెలియదు.